మకస్సర్‌కు మూడు దారులు

మకస్సర్ ఓడరేవు నుంచి

పుప్పాలగూడలో ఉన్న అక్కకు,

నీ తమ్ముడు నర్సింహ రెండు చేతులూ జోడించి రాస్తున్నాడు. నా ఒంట్లో బాగుంది. జ్వరం గిరం ఏమీ లేదు. నువ్వెలా ఉన్నావు, కళ్లలో మసక ఇంకా ఎక్కువైందా, మల్లయ్య బావ దగ్గు తగ్గిందా, రాళ్లు కొట్టేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటున్నాడా లేదా, అన్నీ రాయించు. ఈ ఉత్తరం చదివి వినిపించేది బావే కాబట్టి ఒక మాట. బావా, నచ్చని చోట్ల దాటేసి చదివే అలవాటు నీకుంది. ఇందులో ఒక్క ముక్క దాటినా అక్కకు తెలిసిపోయేలా రాస్తున్నాను, జాగ్రత్త. బావా, నీ తమ్ముడు పెంటయ్య కూడా క్షేమమే. వాడి చేతి వేళ్లు పదీ ఉన్నాయి. నేనే కళ్లారా చూశాను.

చెడు మాట ముందే చెప్పేస్తాను. వేసవిలో నేను రావడం లేదు అక్కా. నీ కంటి ఆపరేషన్ రోజున నీ పక్కన ఉండను. రెండేళ్లకొకసారి మిల్లు వాళ్లిచ్చే సెలవు, దాంతోపాటు ఇంటికి వచ్చిపోయే టికెట్టు, రెండూ పోయాయి. ఎవరూ లాక్కోలేదు. నేనే సంతకం పెట్టి వదులుకున్నాను. ఎందుకో రాస్తాను. విన్నాక తిట్టు, ముందే తిట్టకు.

పొద్దున ఎనిమిదింటికి కదలాల్సిన ఓడ మధ్యాహ్నం దాటినా కదల్లేదు. ఈ నెలల్లో ఇక్కడ పడమటి గాలి, వాన. అడిగిన ప్రతివాడూ నవ్వి, "ఇంకాసేపు" అంటాడు. ఈ దేశంలో ఎవరికీ కోపం రాదు. వాళ్ల వాటా కూడా నాకే వచ్చినట్టుంది. ట్రంకు పెట్టె మీద కూర్చుని నాలుగు ముక్కలు రాస్తాను, లేచి ఓడ దాకా నడిచి వస్తాను, మళ్లీ కూర్చుంటాను. అక్షరాలు వంకరగా ఉంటే బావ సర్దుకోవాలి.

మేమిద్దరం వచ్చి చేరిన బట్టల మిల్లు జావా దీవిలో సురబాయ అనే ఊళ్లో ఉందని ఇదివరకే రాశాను. అదే యజమానికి సముద్రం అవతల ఇంకో దీవి మీద, ఈ మకస్సర్‌లో, ఇంకో మిల్లుంది. నాలుగు నెలల కింద పెంటయ్యను పెద్ద ఫిట్టరుగా చేసి ఇక్కడికి పంపించారు. ఆ సంగతి మీకు వాడు రాసే ఉంటాడు. నేను మాత్రం రాయలేదు. ఎందుకంటే ఆ పని నాకు రావాల్సింది. ఇంజను విప్పడం వాడికి నేర్పిందే నేను. వాడికి ఏదో ట్రైనింగు కాగితం ఉంది, నాకు లేదు. పోయే రోజున వాడి ముఖం మీదే అన్నాను, ఇంజనీరు సంచి మోసి తెచ్చుకున్న కొలువని. వాడు పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు, ఉత్తరాల్లేవు.

వాడు పోయాక సురబాయలో తెలుగు మాట్లాడటానికి ఇంజనీరు మూర్తిగారు ఒక్కరే మిగిలారు. ఆయనది గోదావరి వైపు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆయన అడిగేది ఆయిలు పోశావా అని, నేను చెప్పేది పోశాను సార్ అని. దాన్ని మాట్లాడుకోవడం అనరు కదా. మూడు పూటలా అన్నమే. వాళ్లు నూరే మిరపకాయ తొక్కు మన దానికేమీ తీసిపోదు గానీ అందులో ఎండు రొయ్య వేస్తారు. మొదట ముక్కు మూసుకుని తిన్నాను. ఇప్పుడు మూసుకోవడం లేదు. నాకోసం బెంగ పెట్టుకోకు, తిండికి లోటు లేదు. జొన్న రొట్టె మాత్రం కలలోకొస్తోంది.

ఇక అసలు సంగతి. మకస్సర్ మిల్లుకు కరెంటిచ్చే డీజిలు ఇంజను పాడైంది. దానికి కొత్త క్రాంకు షాఫ్టు కావాలి. షాఫ్టు అంటే ఇంజను కడుపులో తిరిగే వంకీల ఇనుప దండం. ఇద్దరు మనుషుల బరువుంటుంది. పై దేశం నుంచి సురబాయకు వచ్చింది. దాన్ని ఓడ ఎక్కించే ముందు నేను పెట్టె మూత తీసి సుత్తితో కొట్టి చూశాను. రాయిని మనవాళ్లు కొట్టి చూస్తారే, అలాగే. మంచి రాయైతే ఖంగుమంటుంది, లోపల పగులుంటే మొద్దుగా పలుకుతుంది. ఇనుమూ అంతే. ఇది మొద్దుగా పలికింది. మళ్లీ కొట్టాను. మళ్లీ అంతే.

పరుగున పోయి మూర్తిగారికి చెప్పాను.

"ఏవయ్యా నరసింహా, గుళ్లో గంటనుకున్నావా, కొట్టి చూడ్డానికి? తయారుచేసినవాళ్లు పరీక్ష చేసి సర్టిఫికెట్ పంపారయ్యా. నీ సర్టిఫికెట్ ఏదీ?"

"నా చెవే నా సర్టిఫికెట్ సార్."

"అయితే దాని మీద స్టాంపు వేయించుకుని రా, చూద్దాం" అని నవ్వారు. పక్కనున్న గుమస్తాలూ నవ్వారు. ఆ సాయంత్రమే షాఫ్టు ఓడలో వెళ్లిపోయింది.

సాయన్నను నువ్వు మరిచిపోయి ఉండవు. మన క్రషరు ఇంజను షాఫ్టు విరిగి ఎగిరి పడి, మోకాలి కింద కాలు పోయిన మనిషి. నీకు తెలియనిది ఒకటుంది అక్కా. అంతకు వారం ముందు నేను ఆ షాఫ్టును కొట్టి చూశాను. మొద్దుగా పలికింది. కాంట్రాక్టరుకు ఒక్కసారి చెప్పాను, పొమ్మన్నాడు, వచ్చేశాను. రెండోసారి చెప్పలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు నీకు చెబుతున్నాను. ఈసారి ఆ ఇంజను పక్కన నిలబడి చక్రం తిప్పేది పెంటయ్య.

పోస్టాఫీసుకు పోయి వాడికి తార్ కొట్టాను. షాఫ్టులో పగులుంది, ఇంజను నడపకు అని. రెండు రోజులు చూశాను. జవాబు లేదు. నేనన్న మాటకు వాడెందుకు జవాబిస్తాడు? కడుపుమంటతో కొట్టిన తారనుకుని చించి పారేసి ఉంటాడు. బిగించి నడపడానికి వాడికి ఎక్కువలో ఎక్కువ అయిదు రోజులు చాలు. ఆ లోపల నేను అక్కడ ఉండాలి.

మా మిల్లు సరుకు రేవుకు చేర్చే కార్తో అని ఒక జావా మనిషి ఉన్నాడు. నాకు వాళ్ల భాష ముక్కలు ముక్కలుగా వచ్చు. వాడు వేళ్ల మీద మూడు దారులు చెప్పాడు. ఒకటి, పెద్ద ఓడ. డెక్కు మీద మిల్లు పాసుతో పోవచ్చు. కానీ అది మళ్లీ కదిలేది ఎనిమిది రోజులకు. రెండు, తెరచాప పడవ. రేపే పోతుంది. మూడు, ఆకాశంలో పోయే గాలిమోటరు. అది కూడా రేపే. రెండు గంటల్లో దింపేస్తుంది, కానీ మిల్లులో దానికి టికెట్టిచ్చేది ఇంజనీర్లకే.

ముందు పడవ దగ్గరికే పోయాను. నిండా చెక్క. ముక్కు పైకి లేచి ఉంటుంది. పడవ పెద్దను ఎన్ని రోజులని అడిగితే అయిదు వేళ్లు చూపించాడు. గాలి మాట వినకపోతే అన్నాను. పది వేళ్లూ చూపించి, ఇంకా వేళ్లు లేవన్నట్టు నవ్వాడు. నేను పుట్టి బుద్ధెరిగి గండిపేట కంటే ఎక్కువ నీళ్లు చూసిన వాణ్ని కాదు. విమానంలో ఈ దేశానికి వచ్చేటప్పుడు కూడా కళ్లు మూసుకునే ఉన్నాను. అయినా పడవలోకి వేసిన పలక మీద ఒక కాలు పెట్టాను. పలక ఊగింది. ఆ ఊగుడుకు భయపడి కాలు తీయలేదు అక్కా, పది రోజులైతే అని తీశాను. కొంచెం భయం కూడా ఉంది. అబద్ధమెందుకు?

మేనేజరు దగ్గరికి పోయాను. ఆయన మార్వాడీ. హిందీలో గట్టిగా మాట్లాడాను, ఇంజనీరు ప్రాణమే ప్రాణమా అని బల్ల మీద కొట్టాను. బయట పోగైన వాళ్లంతా చూశారు. ఆయన అరవలేదు. సొరుగులోంచి కాగితం తీశాడు. "నీకు అంత నమ్మకముంటే ఎక్కు. ఈ సంవత్సరం నీ ఇంటి టికెట్టు, సెలవు ఇందులో సరిపెట్టుకో. సంతకం పెట్టు" అన్నాడు.

ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. నువ్వు నాకోసం ఆపరేషన్ ఆపుకుని కూర్చున్నావని తెలుసు. బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నానని నువ్వు రాయించిన ముక్క జేబులోనే ఉంది. ఎనిమిది రోజులాగి ఓడ ఎక్కితే సెలవు మిగులుతుంది. ఏమో, షాఫ్టు నెల రోజులు ఆగి విరుగుతుందేమో. అలాంటి లెక్కలు చాలా వేశాను. ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను. ఇంజనీర్లే ఎక్కేది నేనెందుకు ఎక్కకూడదు అనే పొగరు కూడా నాలో ఉంది. సంతకం పెట్టాను. పెద్ద అక్షరాలతో, తెలుగులో పెట్టాను.

మరునాడు సుత్తి ఒళ్లో పెట్టుకుని గాలిమోటరులో కూర్చున్నాను. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాను. మబ్బుల సందులోంచి కింద తెరచాపలు కనిపించాయి, జొన్న గింజలంత. పక్కనాయన బిస్కెట్టు ఇచ్చాడు. జేబులో వేసుకున్నాను.

మిల్లుకు పోయేసరికి షాఫ్టు ఇంజనులో దింపేశారు. బోల్టులు బిగిస్తున్నారు. పెంటయ్య తల ఎత్తి చూసి పానా కింద పెట్టాడు.

"ఏం బామ్మర్ది, గాలిమోటర్ల వచ్చినవంట. ఎవరు పంపిన్రు?"

"ఎవ్వరు పంపలే. నేనే వచ్చిన. తీయ్ దాన్ని బయటికి."

"పిచ్చి లేసిందా? మూడు దినాలు కష్టపడి దింపినం."

"తార్ కొడ్తే జవాబియ్యవేంది?"

"ఏమియ్యాలె? పోయేటప్పుడు గంత మాటంటివి. నేనీడికి వచ్చినంక షాఫ్టుల పగులున్నదంటివి. నేనేమనుకోవాలె?"

"ఏమన్న అనుకో. తీయ్. తీయకుంటే నేను ఈ ఇంజన్ మీదనే కూసుంట, ఎట్ల నడుపుతవో చూస్త."

నిజంగానే ఎక్కి కూర్చున్నాను. వాడి కింది మనుషులు నలుగురు చేతులు కట్టుకుని చూస్తున్నారు. పెంటయ్య చేతులు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు. సెలవు కాగితం సంగతి అప్పుడు చెప్పాను. వాడి మొహం మారింది. "వదిన కండ్ల ఆపరేషన్ ఉన్నది గదరా" అన్నాడు. గొలుసులు తెమ్మని వాళ్లకు చెప్పాడు.

సాయంత్రానికి షాఫ్టును బయటికి తీసి గొలుసుకు వేలాడదీశారు. అందరూ చుట్టూ నిలబడ్డారు. సుత్తి ఎత్తి కొట్టాను.

మోగింది అక్కా. ఖంగుమని మోగింది. చెయ్యి వేసి ఆపేదాకా మోగుతూనే ఉంది. పది చోట్ల కొట్టాను. అంగుళం అంగుళం చూశాను. వెంట్రుకంత పగులు లేదు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

పెంటయ్య మెల్లగా అడిగాడు. "అక్కడ పెట్టెల ఉన్నప్పుడే కొట్టినవా?"

"ఆ."

"గ్రీజు తుడ్సినవా?"

"లేదు."

"సుట్టూ రంపపు పొట్టు కూరి ఉండె గదా, తీసినవా?"

"లేదు."

"మీ అయ్య ఉంటె అదే సుత్తె తీస్కొని నీ నెత్తి మీద కొడ్తుండె, ఇదన్న మోగుతదో లేదో చూద్దమని."

మట్టిలో కూరుకున్న రాయిని ఎవడైనా కొట్టి చూస్తాడా? రెండు చిన్న రాళ్ల మీదకు ఎత్తి, కడిగి, అప్పుడు కదా కొడతాం. పాలు తాగే వయసు నుంచి చూసిన పని. గ్రీజులో, పొట్టులో మునిగిన ఇనుము ఇంకెలా పలుకుతుంది? అది పెంటయ్య బిగించబోయే షాఫ్టు. అందులో లోపముండాలని నా చెవి ముందే అనుకుందేమో. దీని మీద మూడు రోజులుగా నిద్ర లేదు. మూర్తిగారు సరిగ్గా చెప్పారు. తప్పుడు కారణానికి చెప్పినా సరిగ్గానే చెప్పారు. అది ఇంకా మండుతోంది.

మళ్లీ దింపి బిగించాం, ఇద్దరం కలిసి. ఇంజను నడిపే పూట పెంటయ్య చక్రం దగ్గర నిలబడితే నేను వాడి పక్కనే నిలబడ్డాను.

"మోగింది గదా, ఇంకేం ఫికర్? జర దూరం జరుగు" అన్నాడు.

"జరగ" అన్నాను. ఇంజను అందుకుంది. సాఫీగా నడుస్తోంది. ఇప్పటికీ నడుస్తోంది.

ఆ రోజు ఒకే పళ్లెంలో తిన్నాం. అన్న మాట వెనక్కి తీసుకున్నానని చెప్పాను. వాడు చేప ముక్క నా వైపు నెట్టాడు. తిన్నాక అన్నాడు, "వేసవిల నా సెలవున్నది. నేను పోత. వదినను దవాఖానకు నేను తీస్కపోత." నా అక్కను తీసుకుపోవడానికి నువ్వెవడివని గొడవ పెట్టుకున్నాను. "నీ అక్క నాకు వదిన కాదా? ఏడేండ్లు వండి పెట్టింది నీకొక్కనికేనా?" అన్నాడు. నాకు మళ్లీ విమానం ఎక్కే మొహం లేదు. అందుకే సురబాయకు తిరిగి పోయే ఈ ఓడ కోసం కూర్చున్నాను.

కాబట్టి అక్కా, ఆపరేషన్ ఆపకు. నేను వచ్చేదాకా అనకు. వాడు వస్తాడు, వెళ్లు. బోరబండలో ఉన్న పెద్దత్తకు నా దండాలు చెప్పండి, ఆమె కొడుకు పెంటయ్య సుఖంగా ఉన్నాడని గట్టిగా చెప్పండి, ఆమెకు సరిగ్గా వినబడదు. అక్కడ ఎమర్జెన్సీ అంటున్నారు. నార్సింగి హోటల్లో కూర్చుని బావ నోటికొచ్చింది మాట్లాడకూడదు. పెంటయ్య తిరిగొచ్చేటప్పుడు పాత తెలుగు పేపర్లు ఓ కట్ట ఇచ్చి పంపండి, ఏ ఏడాదివైనా పరవాలేదు. నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను.

వాడు వచ్చాక నా తప్పు కథ ఊరంతా చెబుతాడు. నేను ఇంజను మీద ఎలా కూర్చున్నానో కూర్చుని చూపిస్తాడు. మీరంతా నవ్వుతారు, నవ్వండి. కట్టు విప్పిన రోజున నువ్వు మొదట చూసేది వాడి మొహం. అది నా మొహం కావాలని ఈ రెండేళ్లూ అనుకున్నాను. నాకిది మింగుడు పడటం లేదు అక్కా. అయినా చూడు. బాగా చూసి, ముక్కూ చెవులూ అన్నీ ఉన్నాయో లేదో నాకు రాయించు.

అక్కడి నుంచే నా తల మీద చెయ్యి పెట్టినట్టు అనుకో. బావ కాళ్లకు దండం.

నీ తమ్ముడు,
నర్సింహ