బిల్లు నా ముందే పెట్టాడు

మార్చి 4
అప్పుల కౌన్సెలర్ నాకంటే బాగా చిన్నపిల్ల. నాలుగు క్రెడిట్ కార్డుల స్టేట్‌మెంట్లూ టేబుల్ మీద పరిచి, ఇంత అప్పు చేశారు, ఇంట్లో ఏం కొన్నారని అడిగింది. ఏమీ లేదు. ఫ్రిజ్ చెల్లెలింట్లో ఉంది, లాప్‌టాప్ తమ్ముడి దగ్గర, మిగతావన్నీ హోటల్ బిల్లులు. పెద్దక్కను కదా, నేను కట్టకపోతే ఎవరు కడతారన్నాను. నా చేతికి ఎముక లేదని మావాళ్ళంటారని గొప్పగా చెప్పాను కూడా. ఆ పిల్ల నవ్వలేదు. అన్నీ కలిపి తక్కువ వడ్డీకి ఒకే లోన్ చేద్దాం, నెలకు ఒకటే ఈఎంఐ, కార్డులు మాత్రం మూసెయ్యాలి అంది. ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పమంది. సరే సరే అన్నాను.

మార్చి 12
లోన్ శాంక్షన్ అయింది. నాలుగూ క్లియర్. నేను పనిచేసే డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్ళ సెట్ పాలిష్ చేస్తూ పాట పాడానట, పక్క సీటావిడ చెప్పింది. ఇన్నాళ్ళూ తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే కార్డువాళ్ళేమోనని ఎత్తేదాన్ని కాదు. ఇవాళ వస్తే ఎత్తి మాట్లాడాను. రాంగ్ నంబర్. ఎంత హాయిగా ఉందో.

మార్చి 13
కార్డులు కత్తిరించాను.

మార్చి 25
తమ్ముడికి ప్రమోషన్. ఆదివారం అందరం ఎప్పుడూ వెళ్ళే హోటల్‌కే లంచ్‌కి వెళ్దాం అక్కా అన్నాడు. కడతావా అని అడగలేదు. అడగాల్సిన అవసరం ఎప్పుడొచ్చింది కనుక. నా దగ్గర నెలాఖరుదాకా బస్సు డబ్బులే ఉన్నాయి. చెప్పేద్దామని నోరు తెరిచి, కంగ్రాట్స్ రా అన్నాను.

బిల్లు కట్టే అక్కని కాకపోతే నేను వాళ్ళకేమవుతాను? ఇదీ నా భయం.

మార్చి 29, ఉదయం
పోనీ జ్వరమని చెప్దామా. థర్మామీటర్ ఒప్పుకోవడం లేదు.

మార్చి 29, సాయంత్రం
వెయిటర్ అలవాటుగా బిల్లు తెచ్చి నా ముందే పెట్టాడు. ఎవరి కబుర్లలో వాళ్ళున్నారు. నా చెయ్యి లేవలేదు. నా దగ్గర లేవురా అన్నాను. ఇక ఆపుకోలేక కార్డులూ, లోనూ, కౌన్సెలింగూ అన్నీ కక్కేశాను. చెల్లెలు ఏడ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మా మరిది, అదే చెల్లెలి మొగుడు, బిల్లు ఫోల్డర్ తనవైపు లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా నన్ను కట్టనిచ్చారా వదినగారూ అన్నాడు. ఒకసారి తను చెయ్యి కడుక్కునే వంకతో బిల్లు కట్టడానికి కౌంటర్‌కి వెళ్తే, నేను లోపలికొస్తూనే కార్డు ఇచ్చేశానని తెలిసిందట. మీవాళ్ళ దగ్గర నాకు విలువే లేదని ఇంటికెళ్ళి చెల్లెలి మీద అలిగాడట. తమ్ముడి భార్య ఇంకో బాంబు పేల్చింది. మీ మీద భారం పడుతుందని మేం సగమే తినేవాళ్ళం వదినా, ఇంటికెళ్ళి మళ్ళీ వండుకునేవాళ్ళం అంది. వీళ్ళు సరిగ్గా తినడం లేదని నేనేమో ఇంకో నాలుగు ప్లేట్లు చెప్పేదాన్ని. ఆ ప్లేట్లకే కదా తల్లీ నేను వడ్డీ కట్టింది. నాకు నవ్వాగలేదు. ఏడుస్తున్న చెల్లెలూ నవ్వేసింది.

ప్రమోషన్ నాదని తమ్ముడు, ముందు పట్టుకున్నది నేనని మరిది, ఫోల్డర్ కోసం కుస్తీ పట్టారు. వెయిటర్ మాత్రం నన్నే చూస్తున్నాడు పాపం.

ఏప్రిల్ 12
మరిది పిలిస్తే మళ్ళీ వెళ్ళాం. మెనూ నా చేతికిచ్చి, మీకేం కావాలి వదినగారూ అన్నాడు. ఇన్నేళ్ళూ అందరికీ కావలసినవి చెప్పడమే. నాకేం ఇష్టమో చప్పున గుర్తురాలేదు. నేను చెప్పేదాకా అందరూ ఆగారు.