కాలు తగిలితే దండం

లావణ్యక్కకు,

లేహ్ నుంచి నీ చెల్లె శిరీష దండాలతో రాస్తున్నది. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, అమ్మ, నాన్న కూడా బాగున్నారని అనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? మందులు మానేయనివ్వకు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్ చేస్తే నాన్న దుకాణంలో స్పీకర్ పెడతాడు, స్టీలు సామాన్లు కొనడానికి వచ్చినవాళ్ళందరూ నా కథ వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి.

ఇక్కడి చలి గురించి ఏం చెప్పను! పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయి, బకెట్లతో మోసుకొస్తున్నాం. నేను మా హాకీ జట్టు డోల్మా వాళ్ళింట్లోనే ఉంటున్నాను కదా, వాళ్ళమ్మ థుక్పా అని వేడివేడి నూడుల్స్ చారు పెడుతుంది. బాగుంటుంది గానీ కారం అసలు ఉండదు. మామిడికాయ తొక్కు పంపు. మూత గట్టిగా బిగించు, పోయినసారి నా స్వెటరంతా నూనె. మొదట్లో రోజూ ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఆదివారాలు మాత్రమే, అదీ కాసేపే. ఫికర్ చేయొద్దని అమ్మకు చెప్పు.

ఇక అసలు సంగతి. పద్దెనిమిదేళ్ళ లోపు అమ్మాయిల ఐస్ హాకీ పోటీలకు దేశం తరఫున బ్యాంకాక్ వెళ్ళి వచ్చాం కదా. "టీమ్ల నుంచి తీసేసిన నాడు సక్కగ ఇంటికి రావాలె, దుకాణంల కూసోవాలె" అని నాన్న పెట్టిన షరతు నీకు తెలుసు. తొలి మ్యాచ్‌లోనే నన్ను తీసేసే పని దాదాపు అయిపోయింది.

సింగపూర్ వాళ్ళతో ఆట. చివరి నిమిషాలు, రెండు జట్లూ సమానం. పక్, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్ళ, నా వైపు వస్తోంది. అంతలో వాళ్ళ పిల్ల ఒకామె జారి నా ముందు పడింది, నా కాలు ఆమె భుజానికి తగిలింది. నేనేం చేశాననుకున్నావు? స్టిక్ వదిలేసి, వంగి, ఆమె భుజం తాకి కళ్ళకద్దుకోబోయాను! గ్లవుజు హెల్మెట్ జాలీకి తగిలి టంగుమంది. అప్పటికి గానీ తెలివి రాలేదు. అప్పటికే పక్ మా గోల్‌లో ఉంది. గోల్‌కీపర్ డోల్మా నన్ను చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఒక్క గోల్‌తో ఓడిపోయాం.

"అక్కడేం చేస్తున్నావు?" అని అడిగింది కోచ్ మేడం.

"కాలు తగిలింది మేడం" అన్నాను.

"ఆటలో రెండు చేతులూ స్టిక్ మీదే ఉండాలి. ఇంకోసారి ఇలా చేస్తే జట్టులో ఉండవు" అంది.

ఆ తర్వాతి మ్యాచ్‌లన్నీ బెంచీ మీదే. అమ్మ మీద ఎంత కోపమొచ్చిందో! దుకాణంలో ఎవరికి కాలు తగిలినా "దండం పెట్టు బిడ్డా, కండ్లకద్దుకో" అని నెత్తి మీద ఒకటి వేసి నేర్పింది తనే కదా.

మూడో స్థానం కోసం మళ్ళీ సింగపూర్‌తోనే ఆడాం. మేం ఒక గోల్ ముందున్నాం. చివర్లో మా పిల్ల ఒకామెకు కాలు బెణికితే మేడం నన్ను పంపింది. చూడు నా ఖర్మ, అదే పిల్ల మళ్ళీ నా ముందే పడింది, ఈసారి నా కాలు ఆమె మోకాలికి తగిలింది. చెయ్యి లేవబోయిందక్కా, నిజం. పళ్ళు బిగించి, స్టిక్ గట్టిగా పట్టుకుని పక్‌ను దూరంగా కొట్టాను. గెలిచాం!

ఆట అయ్యాక రెండు జట్లూ వరుసగా వచ్చి చేతులు కలుపుకోవాలి. ఆ పిల్ల నా ముందుకు రాగానే ఇక ఆగలేకపోయాను. వంగి మోకాలు తాకి కళ్ళకద్దుకున్నాను. ఆమె బిత్తరపోయింది. మన దేశంలో ఆట ముగించే పద్ధతి ఇదే అనుకుందేమో, తనూ వంగి నా మోకాలు తాకింది. ఆమె వెనకున్న పిల్ల నా పక్కనున్న డోల్మా మోకాలు తాకింది. ఇక వాళ్ళ జట్టంతా అదే! మావాళ్ళూ వంగక తప్పలేదు. వాళ్ళ కోచ్, పెద్ద పొట్టాయన, ఆపసోపాలు పడుతూ వంగుతుంటే మేడం పట్టుకుని ఆపింది. నవ్వీ నవ్వీ నాకు కడుపునొప్పి. అమ్మ మీద కోపమూ పోయింది.

మేడం నా దగ్గరికి వచ్చి, నవ్వు ఆపుకుంటూ "వచ్చే క్యాంప్‌లో నువ్వున్నావు. దండాలు మాత్రం విజిల్ వేశాకే" అంది.

అమ్మానాన్నలకు నా నమస్కారాలు, వాళ్ళ దీవెనలు నాకు కావాలి. పక్క దుకాణం రాజన్న మామను అడిగానని చెప్పు. నాన్నకు మెల్లగా చెప్పక్కా, నేను ఇక్కడే ఉంటున్నాను.

నీ చెల్లె,
శిరీష