సర్దార్‌బీ తొడిగిన గాజులు

ముత్తుకూరు,
14-3-1961

అన్నయ్య పద్మనాభయ్యకు తమ్ముడు హజరత్తయ్య నమస్కారాలు. ఇక్కడ అందరమూ కులాసా. నీ కులాసా నిన్న నెల్లూరు కోర్టులో కళ్ళారా చూశాను కాబట్టి అడగడం లేదు.

గెలిచాం. పోయిన మన మాల్యాద్రన్న భాగం మాగాణి ఆదిశేషమ్మ వదినదేనని మునసబు గారు తీర్పు చెప్పారు. భర్త పోయిన పిల్లను మాల్యాద్రన్న పెళ్ళాడాడని ఊరందరికీ తెలుసు. ఆయన కన్ను మూయగానే, ఆమె ఉంచుకున్న మనిషేనని కోర్టుకిచ్చిన జవాబులో రాయించావు. పెళ్ళి చేయించిన పంతులు లేడు, ఇక చెప్పేవాళ్ళెవరనుకున్నావు. విధవను చేసుకుంటే నీ ఆచారానికి మైల. ఆమె భూమి తింటే మాత్రం మైల కాదా?

గాజులమ్మే సర్దార్‌బీని మేము బోనెక్కిస్తే నీ వకీలు నవ్వాడు. తాళి కట్టడం చూశావా అని నిలదీశాడు.

"చూళ్ళేదు సామీ. తాళి కట్టేకాడికి నన్నెవురు పిలస్తారు? గాజులకి పిలిచినారు" అన్నదామె.

ఆ మీదట జరిగింది చెప్పింది. మన అమ్మ నట్టింట పీట వేసి, వదిన బోడిచేతులు తన ఒళ్ళో పెట్టుకుని, మా కోడలు, నొప్పి పుట్టకుండా తొడుగు అన్నదట.

నీ వకీలు లేచాడు. పెళ్ళి చూడని మనిషి సాక్ష్యం ఈ దావాకు సంబంధం లేనిదన్నాడు. అత్త అన్న మాట ఒట్టి విన్నమాట, చెల్లదన్నాడు. మునసబు గారు నిదానంగా తేల్చారు. ఇంటివాళ్ళు ఆమెను కోడలిగా చూశారా లేదా అన్నది దావాకు కావలసిన సంగతే, అది ఈమె తన కళ్ళతో చూసింది. గాజులు తొడిగిస్తూ అన్న మాట ఆ పనిలో భాగం, తన చెవులతో విన్నది. ఊరివాళ్ళు ఏమనుకున్నారో మాత్రం చెప్పవద్దని ఆమెను ఆపేశారు. అదీ న్యాయమే, నేను కాదనను.

అప్పటికీ నీ వకీలు ఊరుకోక, అత్తగారు బతికే ఉన్నది గదా, ఆమెనే పిలవమన్నాడు. మునసబు గారు కళ్ళజోడు తీసి, "ఆమె ఉన్నది మీ కక్షిదారు ఇంట్లోనే గదా. మీరే పిలిపించండి" అన్నారు. అమ్మకు మతి లేదని నువ్వు లేచి చెప్పావు. మడిచెక్క కోసం కన్నతల్లి మతినే తీసేశావు గదన్నా!

అప్పీలుకు పోతావట, పో. ఎక్కడికి పోయినా సర్దార్‌బీ మాట నీకంటే ముందే అక్కడికి చేరుతుంది.

ఇట్లు,
ఎదురు నిలిచినా నీ తమ్ముడే అయిన
హజరత్తయ్య

తా.క.: సర్దార్‌బీ పేరు మా వకీలుకు చెప్పాలని తోచింది నాకే అనుకుంటున్నావు. కాదు. నిరుడు నేను మీ ఇంటికి అమ్మను చూడవచ్చినప్పుడు అమ్మే నా చెవిలో వేసింది: "పెద్దోడి మీద నేను బోనెక్కలేనురా. సర్దార్‌బీని పిలిపించు." నువ్వింకా నెల్లూరులో వకీలు ఇంట్లోనే ఉన్నావు కాబట్టి నీకు తెలియదు. తీర్పు కబురు అందగానే అమ్మ బండి కట్టించుకుని వదిన ఇంటికి వచ్చేసింది. సర్దార్‌బీకి కబురు పెట్టి, అన్న పోయాక బోడివైన వదిన చేతులు మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నది. పచ్చగాజులు. ఈసారి నేను పక్కనే కూర్చుని చూశాను. సాక్షి కావాలంటే నన్ను పిలిపించు.