అక్క గురించి అడిగిన ప్రశ్న

సిరానుష్ అక్కకు, నీ రెండు బుగ్గలూ ముద్దాడి నెక్తార్ రాస్తున్నది. ఇక్కడ వాషింగ్టన్‌లో నేనూ పిల్లలూ క్షేమం. నువ్వు క్షేమమని కిందటి ఉత్తరంలో రాయలేదు, నేనది గమనించాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన ఎండు వంకాయల దండ అందింది. బయటి దేశం నుంచి ఏమొచ్చినా మా ఆఫీసులో చెప్పాలి కనుక చెప్పాను. అధికారి దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇది తింటారా మేడమ్?" అన్నాడు. "మా అక్క వండితే బతిమాలి మరీ తింటారు" అన్నాను.

అవును, పదవి నిజమే. ఇన్నేళ్లు క్షిపణులకు దారి చూపే యంత్రాలు చేసినదాన్ని, ఇప్పుడు రక్షణ శాఖలోనే రెండో కుర్చీలో కూర్చోబెట్టారు. యాస మాత్రం పోలేదు. "పెద్ద కుర్చీ ఎక్కుతావని కాఫీ కప్పు అడుగున మిగిలిన మడ్డిలో నీ జాతకం చూసి ఎప్పుడో చెప్పాగా" అని రాశావు. చెప్పావు. మన బుర్జ్ హమ్మూద్ పేటలో కాల్పులు జరుగుతుంటే నీ గాజులమ్మి నన్ను ఓడ ఎక్కించిందీ నువ్వే. అందుకే పేపర్లో నా ఫొటో కత్తిరించి నీ కుట్టు దుకాణం అద్దానికి అంటించావంటే తిట్టడానికి నోరు రాలేదు. కానీ మనవాళ్ల నోట్లో నువ్వుగింజ నానదు. ఆ ఫొటో తీసెయ్యి అక్కా.

ఇక నీ దుకాణానికి వచ్చిన ఆ ఇద్దరు మనుషుల సంగతి. "మీ చెల్లెలికి మీరంటే ప్రాణమటగా, ఆవిడ నుంచి చిన్న కబురు తెప్పించి పెట్టండి చాలు" అన్నారనీ, రెండోసారి మిఠాయి పొట్లం లేకుండా వచ్చి దుకాణం తలుపు వేసి మాట్లాడారనీ రాశావు. ఏం చెప్పమంటావని అడిగావు. నిన్ను ఇక్కడికి రప్పించమని మా ఆఫీసు పెద్దలను అడిగాను. "చూద్దాం" అన్నారు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు, నేనూ రోజూ అంటుంటాను.

కాబట్టి నిజమే చెప్పు. ఈ పదవి ఇచ్చే ముందు నా చేతికీ గుండెకీ తీగలు చుట్టి, అబద్ధం పట్టే యంత్రం ముందు కూర్చోబెట్టి అడిగారు.

"మీ అక్కను ఎవరైనా పట్టుకుపోయి, మీకు తెలిసిన రహస్యం చెప్పమంటే?"

"చెప్పను" అన్నాను.

"చంపేస్తామంటే?"

"అయినా చెప్పను."

ఇదే వాళ్లకు చెప్పు. దుకాణం ముందు నిలబడి వీధంతా వినేలా నన్ను తిట్టు, దుమ్మెత్తిపొయ్యి, విశ్వాసం లేనిదని ఏడువు. నిన్ను పట్టుకుంటే నా దగ్గర ఏమీ రాలదని నమ్మితేనే వాళ్లు నీ గడప దిగుతారు. నీకు అడ్డుపెట్టడానికి నా దగ్గర ఇంతకంటే ఏమీ లేదు.

ఇదంతా నాటకమే, నా మనసులో అలా లేదని రాద్దామని ఈ ఉత్తరం ఎన్నోసార్లు మొదలుపెట్టి చింపేశాను. నాకు సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది. ఆ జవాబులో అబద్ధముంటే యంత్రం గీత వణికి ఉండేది. వణకలేదు. అందుకే ఈ కుర్చీ ఇచ్చారు.

వాళ్ల ముందు ఏడుపు నటించాల్సిన పని నీకు లేదక్కా.

ఇట్లు,
నువ్వు ఓడ ఎక్కించిన నీ చెల్లెలు
నెక్తార్