పెద్ద కెమెరా వెనక్కి పంపేయండి

ఏమండీ,

డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నాను. చేపల పులుసు ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి.

మీరు తెప్పించిన రెండు కొత్త కెమెరాల్లో పెద్దదాన్ని, ఆ డీఎస్ఎల్ఆర్‌ని, మళ్ళీ డబ్బాలో పెట్టి తలుపు దగ్గర ఉంచాను. ఈ రోజే రిటర్న్ చేసేయండి. చిన్న డిజిటల్ కెమెరా ఉంచుకుందాం. తేలిగ్గా ఉంటుంది, జేబులో పడుతుంది.

నిన్న మీతో ఇంతవరకే చెప్పాను. మిగతాది మీ మొహం చూస్తూ చెప్పలేక రాస్తున్నాను.

చర్చిలో మీరు తీసిన క్రిస్మస్ ఫోటోలన్నీ కదిలిపోయాయి కదా. "బ్రదర్, మీ ఫోటోల్లో పాస్టర్‌గారు కూడా డాన్స్ చేస్తున్నారు!" అని ఏసుపాదంగారు అంటే అందరూ నవ్వారు. కెమెరా ముసలిదైపోయిందన్నారు మీరు. నేనూ అవునన్నాను. మర్నాడు అదే పాత కెమెరాతో వంటింటి గడియారాన్ని ఫోటో తీశాను. అంకెలన్నీ స్పష్టంగా వచ్చాయి. కెమెరాలో లోపం లేదండీ. మీ కుడిచెయ్యి వణుకుతోంది. ఆ బరువైన కొత్త కెమెరా ఎత్తితే ఇంకా వణుకుతుంది.

మా నాన్నకీ ఇలాగే మొదలైంది. ఆ గడియారం ఫోటో చూసినప్పటినుంచీ నాకు భయంగా ఉంది. గురువారం పదింటికి న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ బుక్ చేశాను. "నాకేం రోగం?" అని మాత్రం అనకండి. నేనే డ్రైవ్ చేస్తాను.

దేవకుమారి

జోసఫిన్‌కి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆదివారం దాని బాప్తిస్మానికి వేరే ఫోటోగ్రాఫర్‌ని పిలుద్దామంటే, "నో మమ్మీ, డాడీనే తీయాలి" అంది. మీరే తీయండి. పక్కనే నిలబడి మీ మోచెయ్యి నేను పట్టుకుంటాను.