మనాలి ఎవరికీ సలహా ఇవ్వదు

జనవరి 6, సోమవారం
ఈరోజు నుంచి ఫీల్డ్‌వర్క్! ఎమ్మే సైకాలజీ చివరి ఏడాది. గంటలు పూర్తయితే సూపర్‌వైజర్ సంతకం, సంతకం ఉంటే డిగ్రీ. మా సూపర్‌వైజర్ సీమా మేడమ్ ఒకే ఒక్క నియమం చెప్పారు: "వినండి. సలహా ఇవ్వకండి. దారి వాళ్లే వెతుక్కుంటారు."
ఎంత గొప్ప మాట! తెలుగువాళ్లం వలసొచ్చి స్థిరపడ్డ మా కామాటిపురాలో ఇన్ని తరాలుగా ఒక్కరికీ తట్టలేదు. ఇక్కడ పాలప్యాకెట్ కోసం మెట్లు దిగితే మూడు సలహాలు మోసుకుని పైకెక్కాలి. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అందరిలోకీ పెద్ద సలహాదారు మా నాయనమ్మ రత్నాబాయి.
శపథం: ఫీల్డ్‌వర్క్ అయ్యేదాకా మనాలి ఎవరికీ సలహా ఇవ్వదు.
నాయనమ్మ విని నవ్వింది. "వాళ్లు చెప్తరు, నువ్వు వింటవు. ఖాళీ చెవులకు పగార్ ఎవడిస్తడే?"
అజ్ఞానం!

జనవరి 7, మంగళవారం
మా కౌన్సెలింగ్ కేంద్రం అంటే, పక్క గల్లీలో మహిళా మండలి వాళ్ల గది. బల్ల, రెండు కుర్చీలు, ఫ్యాను. పదకొండు నుంచి నాలుగు వరకు. కూలీల కోసం పెట్టిన కేంద్రాన్ని సరిగ్గా కూలీలు పనిలో ఉన్న వేళకే తెరుస్తారు. ఎవరి తెలివో!
వచ్చింది ఒక్కరే. మా చాలీ బిల్డింగ్‌లో కింద గదిలో ఉండే శంకర్రావు తాత, ఫ్యాను కోసం. వచ్చాడు, నిద్రపోయాడు.
ఇచ్చిన సలహాలు: సున్నా. ఘన విజయం!

జనవరి 10, శుక్రవారం
సీమా మేడమ్ పర్యవేక్షణకి వచ్చారు. ఫోరస్ రోడ్ మలుపు దాకా. కారు దిగలేదు. గల్లీలో గాలి ఆడదట. అద్దం దించి, "క్లయింట్లతో మరీ దగ్గరవ్వకు మనాలీ" అని అద్దం ఎక్కించుకుని వెళ్లిపోయారు. దూరం పాటించడం అంటే ఏమిటో కళ్లారా చూపించారు, పాపం.

జనవరి 15, బుధవారం
తాత నిద్ర లేచి మోకాళ్లు నొప్పులన్నాడు.
"మీకేమనిపిస్తుంది తాతా?"
"నొప్పనిపిస్తుంది."
సర్కారీ ఆసుపత్రిలో చూపించుకోమన్నాను. ఇది సలహా కాదు, సమాచారం.
తర్వాత ఎదురుగది లక్ష్మమ్మ వచ్చి కోడలి గురించి ఏడ్చింది. వేరే పొయ్యి పెట్టించి పీడ వదిలించుకోమన్నాను. ఇదీ సమాచారమే. కొంచెం గట్టిగా చెప్పిన సమాచారం.

జనవరి 20, సోమవారం
కొత్త మనిషి. యాదమ్మ. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి నాగ్‌పాడాలో బిల్డింగ్ పని చేస్తోంది. మధ్యాహ్నం తిండి మానుకుని వచ్చింది. చేతుల నిండా సిమెంటు.
బిల్డింగ్ అయిపోయింది. వీళ్లుండే రేకుల షెడ్లు శుక్రవారం పీకేస్తారు. భర్త లచ్చయ్య అందరం ఊరికి పోదామంటున్నాడు. కూతురు దివ్యకి వచ్చే నెల పదో తరగతి పరీక్షలు.
"ఇప్పుడు తీస్కపోతే మళ్ల బడికి పంపడు. పెండ్లి చేస్తడు. ఏం చెయ్యాల్నో చెప్పు బిడ్డా."
"మీకేమనిపిస్తుందక్కా?"
"నాకే తెలిస్తే బువ్వ తినే టైముల నీ దగ్గరికెందుకొస్త?"
"దారి మీలోనే ఉంటది" అన్నాను. నేనే అన్నాను, ఈ నోటితోనే! ఆమె నన్ను ఎగాదిగా చూసి, లేచి వెళ్లిపోయింది.
అడగనివాళ్లకి పొయ్యిలతో సహా సలహాలు పంచిపెట్టాను. అడిగిన మనిషికి ఇవ్వలేదు. శపథం మాత్రం నిలబడింది. సిగ్గుగా ఉంది.

జనవరి 22, బుధవారం
మేడమ్‌కి ఫోన్ చేశాను. "చాలా బాగా చేశావు! కేస్ రిపోర్ట్‌లో రాయి" అన్నారు. ఆ పిల్ల చదువు ఆగితే నాకు మార్కులన్నమాట.
నాయనమ్మకి పేర్లు లేకుండా చెప్పుకున్నాను, గోప్యత కదా. అంతా విని, "ఆ పోరి పేరు దివ్యనే గదా?" అంది. ఈ గల్లీలో గోప్యత!
"మరి నువ్వేం చెప్పినవ్?"
"ఏం చెప్పలే."
"థూ! బొమ్మకు చీర గట్టి కూసోబెట్టినా అంత వింటది."

జనవరి 24, శుక్రవారం
కేంద్రానికి తాళం వేసి నాగ్‌పాడా పోయాను. షెడ్ల రేకులు అప్పటికే పీకేశారు. టెంపోలో మూటలు, మూటల మీద యాదమ్మ, పక్కన బడిసంచి ఒళ్లో పెట్టుకుని దివ్య. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది.
"యాదమ్మక్కా, దివ్యను తీస్కపోకు! పరీక్ష రాయనియ్యి!" రోడ్డు మధ్యలో అరిచాను. ఇది సమాచారం అని ఎవరూ అనలేరు.
లచ్చయ్య టెంపో దిగి వచ్చాడు. "మరి ఏడుంటరు? నీ ఇంట్ల ఉంటరా?"
"ఉంటరు!"
అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. యాదమ్మ అప్పటికే కూతురి చెయ్యి పట్టుకుని దిగేసింది. లచ్చయ్య నన్ను తిడుతూ రెండు మూటలు నా కాళ్ల దగ్గర పడేసి, టెంపో ఎక్కి వెళ్లిపోయాడు.
మూటలు చాలా బరువు. మాది మూడో అంతస్తు.

జనవరి 27, సోమవారం
మేడమ్‌కి తెలిసిపోయింది. హద్దు దాటానట. చేసిన గంటలు చెల్లవు, మొదటినుంచి చెయ్యాలి. "క్లయింట్‌ని ఎవరైనా ఇంటికి తీసుకెళ్తారా?" అని అరిచారు. ఒడ్డున కూర్చున్నవాళ్లు ఎన్నయినా చెప్తారు.
ఇల్లు ఒక్క గది. అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. ఇప్పుడు వీళ్లిద్దరు. నా మంచం మీద దివ్య, మంచం కింద నేను. నాన్న మూతి ముడుచుకుని గది బయట గ్యాలరీలో పడుకుంటున్నాడు. యాదమ్మ తెల్లారకుండానే పని వెతుక్కుంటూ కూలీలు నిలబడే నాకా కూడలికి పోతోంది. నేను నాయనమ్మ వైపు జాలిగా చూస్తే, "నువ్వే చెప్పినవ్, నువ్వే సంభాళించు. మనలో అంతే, చెప్పినోళ్లే మొయ్యాలె" అంది. ఇన్నేళ్లూ ఈవిడవి ఉచిత సలహాలనుకున్నాను.
దివ్య హాల్‌టికెట్ వచ్చింది. దాన్ని పదిసార్లు చదువుకుని దిండు కింద పెట్టుకుంది.
నాకు రేపటి నుంచి మళ్లీ ఫీల్డ్‌వర్క్. మళ్లీ శపథం. మనాలి ఎవరికీ సలహా ఇవ్వదు, చచ్చినా ఇవ్వదు.
ఇంట్లో ఇంకో చాపకి చోటు లేదు.