కర్రలతో రోడ్డెక్కిన మూక

అన్నయ్యకు,

పాలస్తీనా కోసం మేం చేసిన ఊరేగింపు వార్త మీ పేపర్లో చూశాను. "కర్రలతో రోడ్డెక్కిన మూక" అనే శీర్షిక నువ్వే పెట్టావట. ఎంత చక్కటి తెలుగు! చనిపోయిన పిల్లల పేర్లు రాసిన అట్టలు మెడలో వేసుకుని వేలమందిమి నోరు మెదపకుండా నడిచాం. ఒక్క పేరూ నీ కంటికి ఆనలేదు. ఆగిపోయిన బస్సుల సంఖ్య మాత్రం పొల్లుపోకుండా వేశావు.

"వాడికి ఆఫీసులో ఏం ఇబ్బందో పాపం," అని అమ్మ నిన్నే వెనకేసుకొస్తోంది.

ధైర్యముంటే రేపు సవరణ వెయ్యి. ఊరేగింపు మొత్తానికి ఉన్నది ఒకటే కర్ర. మొహం కత్తిరించేసి మీరు ఫొటోలో మిగిల్చింది దాన్నే. మోకాళ్ల నొప్పులని కిందటేడు అమ్మకి నువ్వే కొనిచ్చావు.

ఇట్లు,
మూకలో నడిచిన నీ చెల్లెలు